చికిత్సా మార్గదర్శకాలను ఎవరు రాయాలి?

వినీల

ఒకే జబ్బు విషయంలో పేరున్న రెండు సంస్థలు రెండు రకాలుగా చెబుతున్నప్పుడు, రోజంతా ఓపీలో కూర్చునే నాలాంటి సాధారణ వైద్యులు ఎవరి మాట పట్టుకోవాలి? రక్తపోటునే తీసుకోండి. మధుమేహం, మూత్రపిండాల జబ్బు లేని 60 ఏళ్ళు దాటినవారికి పై అంకె 150కి చేరితేనే మందు మొదలుపెట్టమని 2013 డిసెంబరులో అమెరికాలో వెలువడిన మార్గదర్శకం చెప్పింది. దాన్ని రాసిన కమిటీలోనే ఐదుగురు సభ్యులు ఆ అంకెను ఒప్పుకోక, మరుసటి నెలలో తమ అసమ్మతిని వేరే పత్రికలో ప్రచురించారు. 2017 నవంబరులో హృద్రోగ సంఘాలు అధిక రక్తపోటు నిర్వచనాన్నే 130కి దించాయి. డిసెంబరు వచ్చేసరికి అక్కడి కుటుంబ వైద్యుల సంఘం దాన్ని ఆమోదించబోమని ప్రకటించింది. ఇరుపక్షాలూ చదివినవి అవే ట్రయల్స్, అంటే చికిత్సలను రోగులపై పరీక్షించి చూసిన అధ్యయనాలు. చదివినవారు వేరు కావడంతో తీర్పు వేరైంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక చికిత్స చేయడమే జీవనోపాధిగా ఉన్నవారు, ఆ చికిత్స ఎవరికి అవసరమో నిర్ణయించే సిఫార్సుపై ఓటు వేయకూడదు. వారిని పిలవాలి, శ్రద్ధగా వినాలి, ముసాయిదాను వారికి చూపించి తప్పులు దిద్దించుకోవాలి. ఓటు మాత్రం ఆ ఫలితం ఎటు తేలినా తమకు పోయేదీ వచ్చేదీ లేని సాధారణ వైద్యులకు, పరిశోధనలను తూచడం తెలిసిన గణాంక నిపుణులకు, ఆ మందును మింగవలసిన రోగులకు ఉండాలి. ఇందులో తప్పేమిటో తెలిసినవారు చెప్పగోరుతున్నాను.

హృదయరాగం

వినీల గారూ, ప్రశ్న న్యాయమైనదే కానీ పరిష్కారంతో ఏకీభవించలేను. నేను గుండె వైద్యుణ్ణి, స్టెంట్లు వేయడం నా పని. నా మాటను ఆ మేరకు తగ్గించి వినదలచినవారు అలాగే వినవచ్చు.

ట్రయల్ ఫలితాన్ని చదవడం వేరు, ఆ ట్రయల్‌లో నిజంగా ఏం జరిగిందో తెలియడం వేరు. మీరు చెప్పిన 130 అంకె వెనుక ఉన్న ముఖ్యమైన ఆధారం 2015లో వెలువడిన స్ప్రింట్ ట్రయల్. అందులో 9,361 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పై అంకె 120 లోపు, రెండో జట్టుకు 140 లోపు ఉండేలా చికిత్స చేశారు. మొదటి జట్టులో మరణాలూ గుండె వైఫల్యమూ తగ్గాయి. అయితే మధుమేహం ఉన్నవారినీ, అంతకుముందు పక్షవాతం వచ్చినవారినీ అందులో చేర్చుకోలేదు. పైగా రోగిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, చాలా కేంద్రాల్లో సిబ్బంది కూడా గదిలో లేకుండా, యంత్రం తనంతట తానే కొలిచేలా ఏర్పాటు చేశారు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి కుర్చీలో కూర్చోగానే పట్టీ చుట్టి మనం రాసుకునే అంకె, ఆ ట్రయల్‌లో నమోదైన అంకె ఒకటి కావు. ఆ తేడాను పసిగట్టేది ఆ రంగంలో రోజూ పనిచేసేవారే. వారికి ఓటు లేదంటే, తెలిసినవారిని బయట నిలబెట్టి తెలియనివారితో సంతకం పెట్టించుకున్నట్టు అవుతుంది.

రెండో మాట. ట్రయల్స్ అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పవు. అమెరికా హృద్రోగ సంఘాల 16 మార్గదర్శకాలను 2009లో పరిశీలించినప్పుడు, మొత్తం 2,711 సిఫార్సుల్లో 314 మాత్రమే అత్యున్నత స్థాయి ఆధారంపై నిలిచి ఉన్నాయని తేలింది. 1,246 సిఫార్సులకు నిపుణుల అభిప్రాయమో, విడి కేసుల అనుభవమో తప్ప వేరే ఆధారం లేదు. గుండె జబ్బుల వంటి, ట్రయల్స్ విరివిగా జరిగే రంగంలోనే ఇదీ పరిస్థితి. మిగిలిన ప్రశ్నలకు గణాంక నిపుణులు ఏ లెక్క చూసి జవాబు చెబుతారు?

లెక్కలమాస్టారు

డాక్టరు గారూ, మీరు ఇచ్చిన అంకెలు సరైనవే. వాటి నుంచి మీరు తీసిన ముగింపు మాత్రం తలకిందులుగా ఉంది. ఆధారం లేని చోట నిపుణుల అభిప్రాయం తప్ప గతి లేదని మీరంటున్నారు. ఆధారం లేని చోట లేదని రాయడం కూడా ఒక జవాబే అని నేనంటాను. 1,246 సిఫార్సులు ఎందుకు ఉండాలి? వాటిలో చాలావాటిని పరిశోధన జరగవలసిన ప్రశ్నలుగా రాసి వదిలేయవచ్చు కదా.

సమీక్షలు చేయడం నా వృత్తి కనుక ఒక పాత అధ్యయనాన్ని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. గుండెపోటు చికిత్సలపై వచ్చిన ట్రయల్స్‌ను ఏడాది వెంట ఏడాది కలుపుకుంటూ పోయి, అదే కాలంలో నిపుణులు పాఠ్యపుస్తకాల్లోనూ సమీక్షా వ్యాసాల్లోనూ ఏం రాశారో దాని పక్కన పెట్టి, 1992లో ఒక బృందం పోల్చి చూసింది. రక్తపు గడ్డను కరిగించే మందు ప్రాణాలు నిలుపుతోందని 1970వ దశకంలోనే లెక్కకు అందింది. నిపుణుల్లో అత్యధికులు దాన్ని సిఫార్సు చేయడానికి ఆ తర్వాత పదేళ్ళకు పైగా పట్టింది. మరోవైపు, గుండె లయ తప్పకుండా ముందుజాగ్రత్తగా లిడోకైన్ ఇవ్వమని, అది మరణాలను తగ్గిస్తుందన్న ఆధారం లేకపోయినా, ఏళ్ళ తరబడి రాస్తూనే వచ్చారు.

లిడోకైన్‌తో ఆగి ఉంటే బాగుండేది. గుండెపోటు తర్వాత లయ తప్పిన గుండె స్పందనలు కనిపించినవారికి చావు ముప్పు ఎక్కువన్నది నిజం, ఆ స్పందనలను అణచే మందులు ఉన్నాయన్నదీ నిజం. ఈ రెండు నిజాలను కలిపి, వాటిని అణచితే చావు తప్పుతుందని నిపుణులు నమ్మి, ఎందరికో ఆ మందులు రాశారు. చివరకు క్యాస్ట్ ట్రయల్ పెట్టి చూస్తే, ఎన్‌కైనైడ్ లేదా ఫ్లెకైనైడ్ తీసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది సగటున 10 నెలల్లో మరణించారు. 1989లో ఆ మందులను ట్రయల్ మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. ఆ నిపుణుల్లో లంచగొండులు ఉన్నారని ఎవరూ అనలేదు. గుండె ఎలా పనిచేస్తుందో వారికి మనందరికంటే బాగా తెలుసు, ఆ తెలివిడిపై ఉన్న నమ్మకమే వారిని అంత దూరం తీసుకెళ్ళింది.

సుగుణ

నేను డయాలసిస్ విభాగంలో నర్సును. ఈ చర్చలో ట్రయల్స్ గురించి మాట్లాడేంత చదువు నాకు లేకపోయినా, ఒక మార్గదర్శకం మారితే చేతిలోని సిరంజిలో ఎంత మారుతుందో నాకు తెలుసు.

మూత్రపిండాలు చెడినవారికి రక్తం తగ్గకుండా ఎరిత్రోపోయిటిన్ సూది వేస్తాం. హిమోగ్లోబిన్ ఎంతకు చేర్చాలన్నదాన్ని బట్టి మోతాదు ఉంటుంది. అర పాయింటు పెంచమంటే, కొందరు రోగులకు మందు ఎన్నో రెట్లు ఎక్కించవలసి వస్తుంది, ఎందుకంటే ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నవారి రక్తం ఆ సూదికి సరిగా స్పందించదు. 2006లో అమెరికాలో వచ్చిన మార్గదర్శకం కనీసం 11 ఉండాలని, 13 దాటించడానికి మాత్రం ఆధారం చాలదని చెప్పింది. దాన్ని తయారుచేసిన కార్యక్రమానికి ప్రధానంగా నిధులిచ్చింది ఆ సూదిమందు తయారీ కంపెనీయే. అదే ఏడాది చివర, డయాలసిస్ దశకు ఇంకా చేరని 1,432 మందిపై జరిగిన ట్రయల్ ఫలితం వచ్చింది. 13.5 లక్ష్యంగా పెట్టుకున్న జట్టులో మరణం, గుండెపోటు, గుండె వైఫల్యం, పక్షవాతం కలిపి 125 మందికి సంభవిస్తే, 11.3 లక్ష్యంగా ఉన్న జట్టులో 97 మందికే సంభవించాయి. 2007లో మందుల నియంత్రణ సంస్థ పెట్టెపై హెచ్చరిక ముద్రించమంది, మార్గదర్శకాన్నీ హిమోగ్లోబిన్ 11, 12 మధ్య ఉండాలని సవరించారు.

పై హద్దు కొద్దిగా తగ్గినట్టు కాగితంపై కనిపిస్తుంది. వారానికి మూడుసార్లు అదే కుర్చీలో కూర్చునే మనిషి విషయంలో అది చిన్న మార్పు కాదు. ఆ అంకెలు నిర్ణయించిన గదిలో, సూదికి స్పందించని రోగులను రోజూ చూసే నర్సు ఒక్కరైనా ఉంటే ఏమని అడిగి ఉండేదో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

లెక్కలమాస్టారు

సుగుణమ్మా, చదువు లేదంటూనే మోతాదు, స్పందన గురించి మీరు చెప్పినది కమిటీలు ఏళ్ళ తరబడి వాదించుకున్న విషయం. డబ్బు ప్రస్తావన వచ్చింది కనుక ఒక అంకె చేరుస్తున్నాను. మార్గదర్శకాలు రాసినవారిని ప్రశ్నించి 2002లో ప్రచురించిన సర్వేలో 87 శాతం మందికి మందుల పరిశ్రమతో ఏదో ఒక సంబంధం ఉందని, 59 శాతం మందికి తాము రాసిన మార్గదర్శకంలో పరిశీలించిన మందుల తయారీ కంపెనీలతోనే సంబంధం ఉందని తేలింది.

హృదయరాగం

కంపెనీల డబ్బు తీసుకునేవారు ఓటు వేయకూడదన్నదానిపై నాకు పేచీ లేదు. మార్గదర్శకాలకు ఉండవలసిన లక్షణాలపై అమెరికా వైద్య సంస్థ 2011లో ఇచ్చిన నివేదిక కూడా, అధ్యక్షులకు అటువంటి సంబంధాలు ఉండరాదని, సభ్యుల్లో ఉన్నవారు సగం కంటే తక్కువే ఉండాలని చెప్పింది. నా అభ్యంతరమంతా వినీల గారు గీసిన గీతతోనే. ఆవిడ కంపెనీతో సంబంధాన్నీ వృత్తి నైపుణ్యాన్నీ ఒకే గాటన కట్టారు.

వినీల

ఒకే గాటన కట్టలేదు, కానీ రెండింటికీ మధ్య మీరు చూపిస్తున్నంత దూరం లేదంటాను.

శస్త్రచికిత్సకు ముందు బీటా బ్లాకర్లు మొదలుపెట్టడం గురించి మీకు నాకంటే బాగా తెలుసు. గుండె మీద భారం తగ్గించి శస్త్రచికిత్స సమయంలో గుండెపోటు రాకుండా చూస్తాయన్న ఆశతో, యూరప్ హృద్రోగ సంఘం 2009 మార్గదర్శకం వాటిని ప్రోత్సహించింది. ఆ సిఫార్సుకు దన్నుగా నిలిచిన ట్రయల్స్ కొన్నింటికి నాయకుడైన పరిశోధకుడే ఆ మార్గదర్శక కమిటీకి అధ్యక్షుడు. అప్పటికే, అంటే 2008లోనే, 8,351 మందితో జరిగిన పాయిజ్ ట్రయల్‌లో బీటా బ్లాకర్ తీసుకున్నవారిలో గుండెపోట్లు తగ్గినా, మరణాలు 2.3 శాతం నుంచి 3.1 శాతానికి పెరిగాయి, పక్షవాతం రెట్టింపైంది. అయినా సిఫార్సు నిలిచింది. 2011లో ఆ పరిశోధకుణ్ణి పరిశోధనా నైతికత ఉల్లంఘించారంటూ ఆయన విశ్వవిద్యాలయం తొలగించింది. ఆయన ట్రయల్స్‌ను పక్కనబెట్టి మిగిలినవాటిని కలిపి 2013లో లెక్కవేస్తే, మందు మొదలుపెట్టినవారిలో మరణాలు 27 శాతం పెరిగినట్టు వచ్చింది. సవరించిన మార్గదర్శకం 2014లో గాని రాలేదు.

ఇందులో కంపెనీ చెక్కు పాత్ర ఎంత? ఆ మందులు చాలావరకు పేటెంటు గడువు దాటిన చవక మందులు. అక్కడ పందెంలో ఉన్నది ఒక మనిషి జీవితకాలపు పని, దాని చుట్టూ అల్లుకున్న పేరు. తన ట్రయల్‌కు తానే మార్కులు వేసుకోవలసిన స్థానంలో ఆయన్ను కూర్చోబెట్టినవారిది అసలు తప్పు. ప్రయోజనాల వెల్లడి పత్రంలో ఈ రకం ప్రయోజనం రాయడానికి సరైన గడే ఉండదు.

హృదయరాగం

ఆ ఉదంతాన్ని నేను సమర్థించను. అయితే దాన్ని బయటపెట్టినవారెవరో కూడా చెప్పాలి. పాయిజ్ ట్రయల్ నడిపినవారు ఆ రంగపు నిపుణులే. 2013 లెక్క వేసినవారిలోనూ గుండె వైద్యులు ఉన్నారు. స్థిరమైన గుండెనొప్పికి మందులతో పాటు స్టెంటు కూడా వేస్తే మరణాలు గాని గుండెపోట్లు గాని తగ్గవని, 2,287 మందిని పరీక్షించి 2007లో చెప్పిన కరేజ్ ట్రయల్ నడిపినదీ మా గుండె వైద్యులే. ఆ ఫలితం మా వృత్తికి రుచించేది కాదు. తమ వృత్తిని తామే ప్రశ్నించుకునే నిపుణులు ఉన్నారు, కమిటీలకు కావలసినది వారు.

తోటమాలి

పెద్దలు అనుమతిస్తే రోగి ఇంటి నుంచి ఒక మాట. మా అమ్మగారికి థైరాయిడ్, ఎముకల బలహీనత, మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ అరుగుదల ఉన్నాయి. థైరాయిడ్ మాత్రను పరగడుపున వేసుకుని అరగంట నుంచి గంట వరకు ఏమీ తినవద్దన్నారు. ఎముకల కోసం వారానికి ఒకసారి వేసుకునే మాత్ర కూడా పరగడుపునే వేసుకోవాలి, గ్లాసెడు నీళ్ళతో మింగి, అరగంట పాటు పడుకోకుండా నిటారుగా కూర్చోవాలి, ఆ సమయంలో వేరే మందేదీ తీసుకోకూడదు. కాల్షియం మాత్రకు, థైరాయిడ్ మాత్రకు మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. మధుమేహానికేమో ఆలస్యం చేయకుండా వేళకు తినాలి. మోకాళ్ళ నొప్పికి వాడే మాత్ర రక్తపోటును పెంచుతుందని ఒక డాక్టరు గారు, నడక మానవద్దని మరొకరు, నడవాలంటే నొప్పి తగ్గాలని మూడోవారు చెప్పారు. ఎవరికి వారు తమ మార్గదర్శకం ప్రకారమే చెప్పారు, ఏ ఒక్కరి మాటా తప్పు కాదు. ఒక్క పరగడుపును ఇందరికి పంచవలసిన బాధ్యత మాత్రం నా మీద పడింది.

వీటిని రాసినవారు ఒకరి పత్రం ఒకరు చదువుతారా? చదివే బాధ్యత ఎవరికైనా అప్పగించారా?

నిర్వాహకుడు

తోటమాలి గారి అమ్మగారి మాత్రల వేళలపై సలహాలిస్తూ వచ్చిన రెండు సమాధానాలను తొలగించాం. వ్యక్తిగత చికిత్సా సలహాలు ఈ వేదికపై ఇవ్వకూడదు, దయచేసి వారి ప్రశ్నకే జవాబు రాయండి.

లెక్కలమాస్టారు

తోటమాలి గారూ, మీ ప్రశ్నకు సూటి జవాబు: చాలాకాలం పాటు ఎవరికీ అప్పగించలేదు. ఐదు దీర్ఘకాలిక జబ్బులున్న 79 ఏళ్ళ స్త్రీని ఊహించుకుని, ఆమెకు వర్తించే మార్గదర్శకాలన్నింటినీ పాటిస్తే ఏమవుతుందో 2005లో కొందరు పరిశోధకులు కాగితంపై వేసి చూశారు. ఆమె 12 రకాల మందులు వేసుకోవలసి వచ్చింది, నెలకు 406 డాలర్ల ఖర్చు తేలింది, ఒక జబ్బుకు మేలు చేసే సలహా మరో జబ్బుకు అడ్డు తగిలే చోట్లు కనిపించాయి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ అనేక జబ్బులు కలిసి ఉన్నవారి కోసమే 2016లో ప్రత్యేక మార్గదర్శకం ఇచ్చింది గానీ, ఒక్కో జబ్బుకు ఒక్కో కమిటీ అన్న పద్ధతి మాత్రం ఇప్పటికీ సాధారణం.

ఇందుకు కారణం ట్రయల్స్‌లోనే ఉంది. మీ అమ్మగారిలాంటివారిని ట్రయల్స్‌లోకి తీసుకోవడమే తక్కువ. ఒక అవయవం నిపుణులు తమ అవయవానికి సంబంధించిన ట్రయల్స్ చదివి, అందులో లేని మనిషికి సిఫార్సు రాస్తారు. ఈ ఒక్క విషయంలో నేను వినీల గారి కంటే గట్టిగా మాట్లాడతాను: వృద్ధుల వైద్యం తెలిసినవారు, ఫార్మసిస్టు లేని కమిటీ ఇచ్చే సిఫార్సును 75 ఏళ్ళు దాటినవారికి వర్తింపజేయకూడదు.

వైద్యవిద్యార్థి

పెద్దలందరికీ నమస్కారం. వృత్తి సంఘాలకు ఒక ప్రయోజనం, కంపెనీలకు మరో ప్రయోజనం ఉన్నప్పుడు, ప్రభుత్వమే ఒక సంస్థను పెట్టి రాయిస్తే సరిపోదా? నైస్ లాంటివి ఆ పనే చేస్తున్నాయి కదా.

లెక్కలమాస్టారు

బాబూ, అమెరికా ఆ పని చేసి చూసింది. వైద్య సేవల పరిశోధన కోసం 1989లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థకు మార్గదర్శకాలు రాయించే బాధ్యత కూడా అప్పగించారు. నడుమునొప్పిపై ఆ సంస్థ వేసిన కమిటీ 1994 డిసెంబరులో తన పత్రం ఇచ్చింది. కొత్తగా వచ్చిన నడుమునొప్పి చాలావరకు దానంతట అదే తగ్గుతుందని, కొద్దిమందికే శస్త్రచికిత్స వల్ల మేలు జరుగుతుందని అందులో రాశారు. వెన్నెముక శస్త్రవైద్యుల నుంచి తీవ్ర నిరసన వచ్చింది, వెన్నులో బిగించే మరలు తయారుచేసే కంపెనీ ఒకటి పత్రం వెలువడకుండా కోర్టుకు కూడా వెళ్ళింది. 1995లో దిగువ సభ ఆ సంస్థకు నిధులు పూర్తిగా ఆపేందుకు సిద్ధపడింది. చివరకు సంస్థ బతికింది కానీ బడ్జెట్టులో పావు వంతు కోత పడింది, మార్గదర్శకాలు రాయించే పని మానుకుంది, 1999లో పేరు కూడా మార్చుకుంది. ఆ తర్వాత అది సమీక్షలకు నిధులిచ్చింది, సిఫార్సులు మాత్రం తన పేరుతో రాయలేదు.

వినీల

దానికి తోడు 2009 నాటి రొమ్ము క్యాన్సర్ పరీక్షల ఉదంతాన్ని కూడా చెప్పుకోవాలి. అమెరికాలోని నివారణ సేవల కార్యదళం అనే స్వతంత్ర బృందంలో అప్పుడు 16 మంది ఉండేవారు, ఎక్కువగా ప్రాథమిక వైద్యులు. ఇంచుమించు నేను కోరుతున్న నమూనా అదే. 40లలో ఉన్న స్త్రీలందరికీ మామోగ్రాం తీయనవసరం లేదని, 50 నుంచి రెండేళ్ళకోసారి చాలునని వారు చెప్పారు. రేడియాలజిస్టుల సంఘం మండిపడింది. బీమా చట్టం రాసేటప్పుడు, ఆ 2009 సిఫార్సును లెక్కలోకి తీసుకోకూడదని చట్టసభ ఏకంగా వాక్యమే చేర్చింది. 2024లో అదే కార్యదళం తన సిఫార్సును 40 ఏళ్ళకు మార్చింది.

విద్యార్థి గారి ప్రశ్నకు నా జవాబు ఏమిటంటే, ప్రభుత్వం డబ్బు ఇవ్వాలి, సిఫార్సులోని వాక్యాన్ని మాత్రం ముట్టుకోకూడదు. చికిత్స ఖర్చు భరించే సంస్థకు కూడా ఒక ప్రయోజనం ఉంటుంది, అది మందును తగ్గించే వైపు లాగుతుంది. నైస్ ఖర్చును కూడా తూచి చెబుతుంది, ఆ విషయాన్ని దాచదు. ఖర్చు లెక్కను వేరే పేజీలో, వేరే పేరుతో చూపించినంత వరకు నాకు అభ్యంతరం లేదు. ఆరోగ్యపరంగా పనికిరాదన్న ముసుగులో ఖర్చును దాచితే మాత్రం అది కంపెనీ డబ్బు చేసే హానికి తీసిపోదు.

ఉషోదయం

చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నాకు దీర్ఘకాలిక అలసట వ్యాధి ఉంది. కాస్త ఎక్కువ తిరిగితే మర్నాడు, ఆ మర్నాడు మంచం దిగలేని జబ్బు ఇది.

నైస్ 2007 మార్గదర్శకం ఈ జబ్బుకు వ్యాయామాన్ని మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోయే చికిత్సను సిఫార్సు చేసింది. 2011లో వచ్చిన పేస్ అనే ట్రయల్ దానికి మరింత బలమిచ్చింది. ఆ చికిత్సతో పరిస్థితి విషమించిందని చెప్పిన రోగులను చాలాకాలం పాటు సహకరించనివారిగా చూశారు. కొత్త కమిటీలో రోగులకు కూడా చోటిచ్చారు. ఆ ట్రయల్స్‌లో ఏ చికిత్స ఎవరికి వెళ్ళిందో తెలియకుండా ఉంచడం కుదరదు, ఫలితాన్ని ప్రధానంగా రోగి నోటి మాటతోనే కొలిచారు, శ్రమ తర్వాత కుప్పకూలే లక్షణం లేనివారిని కూడా చేర్చుకున్నారు; అందువల్ల ఆధారం నాణ్యత తక్కువ లేదా అతి తక్కువ అని కమిటీ తేల్చింది. 2021 ఆగస్టులో ప్రచురణకు ఒక్కరోజు ముందు, రాయల్ కాలేజీలు అనే వైద్యుల వృత్తి సంఘాల నుంచి వచ్చిన అభ్యంతరాల వల్ల దాన్ని నిలిపివేశారు. అక్టోబరులో విడుదలైనప్పుడు, స్థిరంగా పెంచుకుంటూ పోయే ఆ వ్యాయామ పద్ధతిని సూచించవద్దని స్పష్టంగా ఉంది.

శ్రమ తర్వాత కుప్పకూలడమే ఈ జబ్బు అసలు లక్షణమని రోగులు ఏళ్ళుగా చెబుతున్నారు. ట్రయల్‌లో ఎవరిని చేర్చుకున్నారని అడగడానికి గణాంకాలు తెలియనక్కరలేదు, ఆ జబ్బుతో బతికితే చాలు.

హృదయరాగం

ఉషోదయం గారూ, మీరు రాసినందుకు సంతోషం. నా ప్రశ్న మీ మీద కాదు, పద్ధతి మీద. రోగుల సంఘాలకు కూడా కంపెనీల నిధులు అందుతాయి, ఒక మందు ఆమోదం పొందాలని ఆరాటపడే సంఘాలు చాలా ఉన్నాయి. ఒక జబ్బుతో సతమతమవుతున్న మనిషి ఆ జబ్బుపై నిష్పాక్షికంగా ఓటు వేయగలరని అంగీకరిస్తూ, ఆ జబ్బుకు ముప్పై ఏళ్ళుగా చికిత్స చేస్తున్న మనిషి మాత్రం వేయలేరని అనడం పొంతన లేని వాదన.

వినీల

పొంతన ఉంది. చెడ్డ సిఫార్సు వల్ల రోగి నష్టపోతారు, మంచి సిఫార్సు వల్ల బాగుపడతారు. వారి ప్రయోజనమూ సిఫార్సు ఉద్దేశమూ ఒకటే. వైద్యుడి ఆదాయం మాత్రం చికిత్స జరిగితే వస్తుంది, అది పనిచేసినా చేయకపోయినా. కంపెనీ డబ్బు తీసుకునే రోగుల సంఘాన్ని కంపెనీ డబ్బు తీసుకునే వైద్యుడి పక్కనే కూర్చోబెట్టండి, నాకేమీ అభ్యంతరం లేదు.

లెక్కలమాస్టారు

ఇద్దరూ ఓటు చుట్టూ తిరుగుతున్నారు కానీ, చాలా సిఫార్సుల గతి ఓటుకు ఎంతో ముందే తేలిపోతుంది. కమిటీ మొదటి సమావేశంలో ప్రశ్నలను రాసుకుంటుంది: ఏ రోగులు, ఏ చికిత్స, దేనితో పోల్చాలి, ఏ ఫలితాన్ని ముఖ్యమనుకోవాలి. స్టెంటు వేశాక రక్తనాళం ఎంత తెరుచుకుందన్నది ఫలితమా, మెట్లెక్కగలగడం ఫలితమా, మరణం ఫలితమా? మొదటిదాన్ని ఎంచుకుంటే స్టెంటు గెలుస్తుంది, మూడోదాన్ని ఎంచుకుంటే కరేజ్ చూపినట్టు గెలవదు. ఆ తర్వాత ఎంత నిజాయితీపరులు ఓటు వేసినా చేయగలిగింది తక్కువ. ఇప్పుడు చాలా సంస్థలు పాటిస్తున్న గ్రేడ్ పద్ధతిలో ప్రతి ఫలితానికీ ముందే ప్రాముఖ్యం నిర్ణయించాలి, వెయ్యి మందికి చికిత్స చేస్తే ఎందరికి మేలు, ఎందరికి కీడు అన్న పట్టిక ముందుంచుకోవాలి. ఫలితాల ప్రాముఖ్యాన్ని నిర్ణయించే ఆ తొలి సమావేశంలో రోగులు, నర్సులు ఎక్కువమంది ఉండాలి. పట్టికను నాలాంటివారు తయారుచేయాలి. స్ప్రింట్‌లో రక్తపోటు ఎలా కొలిచారన్నది ఆ పట్టిక అడుగున రాయించవలసిన బాధ్యత హృదయరాగం గారిది.

ఇంకొక ఇబ్బంది ఉంది, దాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. అమెరికా ప్రభుత్వ సంస్థ రాయించిన ఆ పాత మార్గదర్శకాలనే తీసుకుని, అవి ఎంతకాలం చెల్లుతాయో 2001లో లెక్కకడితే, సగం మార్గదర్శకాలకు 5.8 ఏళ్ళలోనే కాలం చెల్లుతుందని తేలింది. కమిటీ మాత్రం పత్రం ప్రచురించిన మర్నాడే చెదిరిపోతుంది. నిలకడగా ఉండే చిన్న బృందం, దానికి ఏటా అందే ప్రజాధనం లేకపోతే, ఎవరు రాయాలన్న ప్రశ్న ప్రతి ఐదేళ్ళకూ మొదటికొస్తుంది. సమీక్షకు డబ్బు ఇచ్చేవారు లేకనే కదా సంఘాలు కంపెనీల గడప తొక్కుతున్నాయి.

హృదయరాగం

మాస్టారూ, ఆ విభజనలో నాకు కేటాయించిన పనికి ఒప్పుకుంటాను. స్టెంటు సిఫార్సుపై నేను ఓటు వేయకుండా ఉండగలను, దానికి ఒక షరతు. నేను చెప్పిన అభ్యంతరమూ, దాన్ని కమిటీ ఎందుకు తోసిపుచ్చిందన్న కారణమూ సిఫార్సు పక్కనే, అదే పేజీలో అచ్చు కావాలి. ఎక్కడో అనుబంధంలో కాదు. 2013లో ఆ ఐదుగురి అసమ్మతిని అదే పత్రంలో ముద్రించి ఉంటే, వేరే పత్రిక వెతుక్కోవలసిన అవసరం వారికి ఉండేది కాదు, వినీల గారు ఓపీలో కూర్చుని రెండు పత్రికలు తిప్పవలసిన అవసరమూ ఉండేది కాదు.

వినీల

షరతుకు నా సమ్మతి. ఓట్ల లెక్క కూడా దాని పక్కనే ఉండాలి: ఎందరు అవునన్నారు, ఎందరు కాదన్నారు, ఎందరు తప్పుకున్నారు. పేర్లతో సహా ఉండాలా వద్దా అన్నదానిపై సుగుణ గారు, తోటమాలి గారు, ఉషోదయం గారు ఏమంటారో వినాలని ఉంది. పేర్లు బయటపడితే తోటివారికి వెరచి ఓటు మార్చుకునేవారు ఉంటారేమోనన్న అనుమానం నాకింకా పోలేదు.

సుగుణ

పేర్లు ఉండాలి. డయాలసిస్ గదిలో ప్రతి సూది పక్కన వేసినవారి సంతకం ఉంటుంది, వినీల గారూ.